పేజీల మధ్య కరెంట్ బిల్లు

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా ఆయన సర్పంచ్. గెలిచినంక ఏమైందో ఏమో దూరవిద్యల ఎంఏ హిస్టరీ కట్టిండు, ఇగ పొద్దున లేస్తే పుస్తకం, పండేదాక పుస్తకం. బోరు మోటర్ కాలి వారమైంది, ఆడోళ్లు బిందెలతోటి వాకిట్ల నిలబడితే "తమ్ముడు చూస్తడు పోండి" అంటడు. ఆ తమ్ముడే ఉపసర్పంచ్, ఖాళీ చెక్కుల మీద సంతకాలు గూడ పెట్టిస్తుండు. మొన్న చూస్తే ఈయన పుస్తకంల పేజీ గుర్తుకు పెట్టుకున్నది వీధిలైట్ల కరెంట్ బిల్లు! చదువుకునుడు తప్పా అని నన్నే అడుగుతుండు.
– ఒక చెల్లె, నల్లగొండ జిల్లా

జవాబు: చదువు తప్పని ఎవరంటరు చెల్లె, మీ దిక్కే రాచకొండనేలిన సింగభూపాలుడు సంస్కృతంల అలంకారశాస్త్రం రాసినోడు. కానీ మీ ఆయన చదివేది హిస్టరీయే గదా, ఉలుగ్ బేగ్ పేజీ వచ్చిందా అని అడుగు. తైమూర్ మనవడు, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌ల ఉన్న సమర్‌ఖండ్‌ను ఏలిండు, చుక్కలంటే పిచ్చి, గుట్ట మీద పెద్ద అబ్జర్వేటరీ కట్టి 1437 నాటికి 1018 చుక్కల పట్టిక తయారు చేసిండు, ఏడాది పొడుగు లెక్కిస్తే నిమిషం లోపే తేడా వచ్చింది, టెలిస్కోప్ లేని కాలంల! అంత లెక్క తెలిసినాయనకు ఇంట్ల కొడుకు మనసుల ఏముందో తెల్వలే. 1447ల తండ్రి షారుఖ్ పోయి రాజ్యమంతా నెత్తినవడ్డది, రెండేండ్లకే కొడుకు అబ్దుల్ లతీఫ్ తిరగబడి ఓడగొట్టిండు, హజ్‌కు పోతానని బయల్దేరిన తండ్రిని దారిలనే చంపించిండు. మొత్తం చుక్కలే ముంచినయంటే నేనొప్పుకోను, ఆ వంశంల గద్దె కోసం కొట్లాటలు మామూలే, కాకపోతే దినాం దర్బారు మీద కన్నున్నోడికి ఆ సంగతి ముందే వాసన తగిలేది. ఇప్పటి స్పెయిన్‌ల ఉన్న కాస్టిల్ రాజు పదో అల్ఫాన్సోది గూడ ఇదే కథ, చుక్కల పట్టికలు తయారు చేయించినాయన, 1282ల కొడుకే అధికారం గుంజుకున్నడు.

మీ మరిది చెడ్డోడని అంటలేను. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలు పెట్టిందే ఒకరి మీద ఒకరి కన్నుండాలని. ఖాళీ చెక్కు మీద సంతకం పెడితే ఆ రెండో కన్ను మూసుకున్నట్టే, రేపు ఆడిటోళ్లు అడిగితే "ఎంఏ చదువుతున్న సార్" అంటే నడుస్తదా? పొద్దున రెండు గంటలు పంచాయతీ ఆఫీసుల కూసొమ్మను, తర్వాత ఎంత చదివినా ఎవ్వరడగరు. మోటర్ సంగతి ఇయ్యాలనే తెమలాలె. ఆ బిల్లు మాత్రం నువ్వే పుస్తకంల నుంచి తీసి చేతికియ్యి, పేజీ తప్పిపోతే కోపమొస్తది, రానియ్యి, ఇంకా చెక్కుబుక్ ఎవరి బీరువల ఉందో ముందు చూడు.