మిద్దె మీది మందారం వాడుతుంటే ముందు వేర్లు చూడండి

మహబూబ్‌నగర్‌లో మిద్దె మీద కుండీ మందారం, రెండు పూటలా బోరు నీళ్లు పోసినా వాడుతోంది, మొగ్గలు రాలుతున్నాయి, కొమ్మల సందుల్లో దూదిలాంటి తెల్ల పురుగు వేపనూనెకూ పోవడం లేదు అని అడిగారు. ఆ పురుగు పిండినల్లి. నీరసించిన మొక్క మీద అది ఊరికే పెరుగుతుంది కాబట్టి అసలు పని వేర్ల దగ్గరుంది.

పోసిన నీళ్లు వెంటనే అడుగు నుంచి కారిపోతున్నాయంటే మట్టిముద్ద ఎండి కుండీ అంచును వదిలేసిందన్నమాట. నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి, నడుమ పొడిగానే ఉంటుంది. ఉత్త చెరువు మట్టి నింపిన కుండీల్లో ఇది మామూలే. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే గాలి ఆడదు.

మే ఎండల్లో కుండీ మార్చకండి. తొలకరి దాకా కుండీని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, నీడకు జరిపి, స్లాబు వేడి తగలకుండా ఇటుకల మీద పెట్టండి. తొలకరి పడ్డాక ఒక సాయంత్రం మార్చండి. ఎర్రచెలక మట్టి రెండు పాళ్లు, మాగిన పెంట ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, 12 అంగుళాల కుండీకైతే రెండు గుప్పెళ్ల వేపపిండి. మన దగ్గర గొర్రెపెంట తేలిగ్గా దొరుకుతుంది, మంచిదే, కానీ పచ్చిది వేస్తే వేర్లు మాడతాయి. కొత్త కుండీ పాతదానికంటే రెండంగుళాలే పెద్దదుండాలి. మరీ పెద్దదైతే వేరు లేనిచోట తడి నిలిచి కుళ్లు మొదలవుతుంది. అడుగున కంకర పరచకండి, రంధ్రం మీద ఒక పెంకు చాలు.

ముద్దను బయటికి తీశాక తెల్లగా గట్టిగా ఉన్న వేర్లు ఉంచండి. నల్లగా మెత్తబడి వాసన వచ్చేవి, చుట్టూ తిరిగినవి కోసేయండి, మొత్తంలో పావు వంతు మించకూడదు. పైన కొమ్మలు మూడో వంతు కత్తిరించండి, పురుగు ఎక్కువున్నవి ముందు పోవాలి. కాండం పాత లోతులోనే ఉండాలి. వారం నీడలో పెట్టండి, నెల దాకా వేరే ఎరువు వద్దు.

నూనె పని చేయకపోవడానికి కారణం పిండినల్లి ఒంటి మీది మైనం, దూదిలోపలి గుడ్లు. ముందు గట్టి నీటిధారతో కడిగి, మిగిలినవాటిని పాత బ్రష్‌తో రుద్దండి. కుండీ మార్చిన వారానికి 5 మి.లీ. వేపనూనెలో చిక్కటి కుంకుడు రసం కలిపి, పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, లీటరు నీళ్లలో కలపండి. నూనె పైన తేలితే కొట్టకండి, ఆకులు మాడతాయి. సాయంత్రం, ఆకు అడుగున, సందుల్లో తడిసేలా కొట్టాలి. ఏడు రోజులకోసారి మూడుసార్లు, ఎందుకంటే గుడ్ల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి.

చీమలను తప్పక ఆపండి. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాసి, దాన్ని తినే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కుండీ చుట్టూ వేలెడు వెడల్పున గ్రీజు పట్టీ పూయండి, కొమ్మలు గోడకు ఆనకూడదు. పిండినల్లి మధ్య పెద్దగా, తెల్ల కుచ్చులతో చురుగ్గా పాకేది కనిపిస్తే చంపకండి. అది ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. అది తిరుగుతున్నంతకాలం నూనె ఆపండి.

కుండీ అంచున తెల్ల ఉప్పు పేరుకుంటే అది ఎక్కువగా బోరు నీళ్ల వల్లే. వాన నీళ్లు పట్టి, అడుగు నుంచి బాగా కారేదాకా పోయండి. లేతాకులు పసుపై ఈనెలు మాత్రమే పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి, వేపనూనె కొట్టిన రోజు మాత్రం వద్దు.