క్రియాటినిన్ బాగుందని ఊరుకోవద్దు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిది నెలలు. కడుపులో ఉండగానే స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బిందన్నారు. పుట్టాక మూడో నెలలో తీసిన స్కాన్‌లో ఆ ఉబ్బు 14 మి.మీ. ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 0.3, బాగుందన్నారు. ఈమధ్య రెండుసార్లు జ్వరం వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పట్టాం, తగ్గింది. కిడ్నీ దెబ్బతింటే ఎన్‌గాల్, కిమ్-1 అనే మూత్ర పరీక్షల్లో ముందే తెలుస్తుందట. చేయించమంటారా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పరీక్ష సంగతి తర్వాత చెబుతానమ్మా. నాకు కంగారుగా ఉన్నది ఆ రెండు జ్వరాల గురించి. కిడ్నీ ఉబ్బున్న పసివాడికి జ్వరం వస్తే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్‌నే అనుమానించాలి. యాంటీబయాటిక్ ఒక్క డోసు పడినా కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరక్కపోవచ్చు. ఆ క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో ఇక తెలియదు. జ్వరం తగ్గింది సరే, కిడ్నీ మీద మచ్చ పడిందో లేదో ఎవరు చెప్పాలి? దయచేసి ఇంకోసారి ఇలా చేయకండి. మిగిలిన సిరప్ ఉంటే ఈరోజే పారేయండి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న జ్వరం మందులు కూడా డాక్టర్‌ని అడక్కుండా వేయొద్దు. మళ్లీ జ్వరం వస్తే అదే రోజు, మందు పట్టకముందే, మూత్రం కల్చర్‌కి వెళ్లాలి. అంటించే సంచిలో పట్టిన మూత్రం కల్చర్‌కి నమ్మకం కాదు. వాంతులు, పాలు తాగకపోవడం, మూత్రం తగ్గడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి.

ఇక క్రియాటినిన్. కుడి కిడ్నీ బాగుంటే రెండోదాని పనీ అదే చేసేస్తుంది, ఎడమది బాగా చెడినా ఆ అంకె కదలకపోవచ్చు. ఆ లోటు కోసమే మీరు చదివిన పరీక్షలు. మూత్రం అడ్డుపడి ఒత్తిడికి కిడ్నీ గొట్టాల కణాలు నలిగితే మూత్రంలో ఎన్‌గాల్, కిమ్-1 అనే ప్రొటీన్లు పెరుగుతాయి, ఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ తగ్గుతుంది. కానీ ఎన్‌గాల్ ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది. పైగా సీసాలో పట్టేది రెండు కిడ్నీల మూత్రమూ కలిసినది. ఇంత దాటితే ఆపరేషన్ అని అందరూ ఒప్పుకున్న హద్దు ఇంకా లేదు. ఇప్పటికి ఆ డబ్బు దాచుకోండి.

ఐదు నెలలుగా స్కాన్ లేదు. ఈ వారమే తీయించండి. అవసరమైతే రీనోగ్రామ్ అనే స్కాన్‌లో, రెండు కిడ్నీలు చేసే మొత్తం పనిలో ఎడమ కిడ్నీ వాటా ఎంతో చూస్తారు. అది 40 శాతం కంటే తక్కువున్నా, పడిపోతూ వస్తున్నా ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం.

ధార ఎలా వస్తుందో మీరు రాయలేదు. మగపిల్లాడు కాబట్టి అడుగుతున్నాను. డైపర్ తీసి ఫోన్‌లో వీడియో తీయండి: ధార ఎగిరి పడుతోందా, ముక్కుతూ చుక్కలుగా పోస్తున్నాడా? చుక్కలుగా వస్తుంటే మూత్రం బయటికొచ్చే నాళంలో కవాటాల్లాంటి పొరలు అడ్డున్నాయేమో చూడాలి, అందుకు మూత్రాశయంలోకి మందు ఎక్కించి తీసే ఎంసీయూ ఎక్స్‌రే వేరే ఉంది.

బాబుని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. పిల్లల యూరాలజిస్టుకి ఆ వీడియోతోపాటు కడుపులో ఉన్నప్పటి స్కాన్ నుంచి కాగితాలన్నీ చూపించండి. ఆ 14 పెరిగిందో తగ్గిందో పాతవి పక్కన పెట్టుకుంటేనే తెలిసేది.