ఇంట్లో వెదర్ స్టేషన్ ఉంటే మంచు తుఫాను ముందే తెలుస్తుందా?

ముందే తెలియదండీ. రోజుల ముందు చెప్పేది అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీసే. పెరట్లో పెట్టుకున్న స్టేషన్ మన ఇంటి దగ్గర ఈ నిమిషంలో ఏం జరుగుతోందో చెబుతుంది, అంతే. నేనుండేది డాలస్ దగ్గర. 2021 ఫిబ్రవరి తుఫానులో ఈ తేడా బాగా తెలిసొచ్చింది.

మనవైపు తుఫానంటే వాయుగుండం, పీడనం పడిపోవడం. ఇక్కడి చలిగాలికి ఆ లెక్క పనికిరాదు. ఆర్కిటిక్ నుంచి దిగే గాలి చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి అది వచ్చేకొద్దీ పీడనం పెరుగుతుంది. బారోమీటర్ పెరుగుతోంది, ఇక ఎండ కాస్తుందనుకుంటే అంతే సంగతులు! గాలి దిక్కు చూడండి. దక్షిణపు గాలి ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగితే టెంపరేచర్ జారిపోతుంది. 1911 నవంబర్ 11న ఓక్లహోమా సిటీలో 83 ఫారెన్‌హీట్ ఉన్నది అర్ధరాత్రికల్లా 17కి దిగింది.

2021 తుఫానుకొస్తే, ఫిబ్రవరి 11 తెల్లవారుజామున డాలస్ పక్కనున్న ఫోర్ట్ వర్త్‌లో హైవే మీద 133 వాహనాలు గుద్దుకుని ఆరుగురు పోయారు. అప్పుడు పడింది మంచు కాదు, చినుకులే. నేల దగ్గర గాలి గడ్డకట్టే చలిలో ఉంటే ఆ చినుకు రోడ్డుకి తగలగానే గాజు పూత పూసినట్టు అంటుకుపోతుంది. వంతెనలకు కిందనుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. ఇంటి థర్మామీటర్ ఇదంతా చెప్పదు. అందుకే నేను బయటికెళ్లి కంచెను వేలితో తడిమి చూస్తాను.

14న ఆదివారం మంచు మొదలైంది. చెట్లు ఊగిపోతుంటే నా స్టేషన్ గాలి వేగం సున్నా, వర్షపాతం సున్నా అంటోంది! గాలికి తిరిగే కప్పులు మంచుతో బిగుసుకుపోయాయి, వాన కొలిచే గరాటా పూడిపోయింది. చెక్క పలక మీద స్కేలు పెట్టి కొలుచుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక టెక్సస్‌లో కరెంటు కోతలు మొదలయ్యాయి. మాకూ పోయింది, వైఫై పోయింది. బయటి సెన్సర్‌లో లిథియం బ్యాటరీలు వేసి ఉంచాను కాబట్టి అదొక్కటే పనిచేసింది (మామూలు సెల్స్ అంత చలిలో నీరసపడతాయి). 16 పొద్దున డాలస్-ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత అంత చలి అదే. నేను రికార్డు, రికార్డు అని ఎగిరి గంతేస్తుంటే మా ఆవిడ దుప్పట్లోంచే, "బయట సంగతి తర్వాత, ఇంట్లో ఎంతుందో చెప్పండి ముందు" అంది. నలభై చిల్లర ఫారెన్‌హీట్.

స్టేషన్ కొనేటట్లయితే రెండో సెన్సర్ కూడా తీసుకోండి. దాన్ని వంటింటి సింకు కింద, బయటి గోడ వైపు పెట్టండి. అక్కడ 40 ఫారెన్‌హీట్‌కి (అంటే 4 సెల్సియస్‌కి) దగ్గరపడగానే సింకు కింది తలుపులు తెరిచి, కుళాయిని సన్నధారగా వదిలేయండి. మా పైపులు అలాగే దక్కాయి.