ఈజిప్టులో 1952: తిరుగుబాటా, విప్లవమా?

సందేహం: ఈజిప్టు ఆధునిక చరిత్ర చదువుతున్నాను. 1952 జులై 23న జరిగినదాన్ని ఒకరు విప్లవం అంటున్నారు, ఒకరు సైనిక తిరుగుబాటు అంటున్నారు, ఇంకొకరు సైనిక కుట్ర అని రాశారు. ఏది సరైన మాట?

సమాధానం: మూడూ వాడుకలో ఉన్న మాటలే. కానీ ఒకదాని బదులు ఇంకొకటి వాడేవి కావు.

కుట్ర అంటే చాటుగా పన్నేది. సైన్యం వీధుల్లోకి వచ్చి, తెల్లారి రేడియోలో ప్రకటన చదివాక ఇక చాటేముంది? పైగా ఆ మాటలో రాసేవారి నింద వినిపిస్తుంది. నేనైతే వాడను.

నజీబ్, నాసర్ వంటి సైనికాధికారులు ఆ రాత్రి తమ రాజు మీదే తిరగబడ్డారు కాబట్టి అది తిరుగుబాటు. 26వ తేదీ సాయంత్రం ఫారూక్ రాజు గద్దె దిగి, అలెగ్జాండ్రియా నుంచి మహ్రూసా నౌకలో వెళ్లిపోయాడు. 21 ఫిరంగుల వందనంతో సాగనంపారు! పసివాడైన కొడుకు పేరిట రాచరికం ఇంకా మిగిలే ఉంది. రాజు మారాడు గానీ వ్యవస్థ అలాగే ఉంది. సెప్టెంబరులో భూసంస్కరణ వచ్చి, ఒకరికి 200 ఫెద్దాన్లకు మించి భూమి ఉండకూడదన్నారు (ఫెద్దాన్ మన ఎకరం కన్నా కాస్త ఎక్కువ). 1953 జూన్ 18న రాచరికమే రద్దయింది. విప్లవం అన్న మాటకు అప్పుడు బలం వచ్చింది. ఆ అధికారులు కూడా మొదట్లో దాన్ని 'హరకా', అంటే ఉద్యమం అనే అన్నారు. 'థౌరా', అంటే విప్లవం అన్న పేరు తర్వాత స్థిరపడింది.

కాబట్టి ఆ రాత్రి సంగతి రాసేటప్పుడు సైనిక తిరుగుబాటు అనండి. తర్వాతి మార్పులన్నీ కలిపి చెప్పేటప్పుడు జులై విప్లవం అనండి.

ఒక్క జాగ్రత్త. భగత్ సింగ్ నినాదం వల్ల 'ఇంక్విలాబ్' అంటే మనకు విప్లవమే. అది ఉర్దూ అర్థం. మూలం అరబ్బీయే అయినా, నేటి అరబ్బీ రాజకీయ భాషలో 'ఇంకిలాబ్' అంటే సైనిక తిరుగుబాటు. తలకిందులు చేయడమన్నది దాని ధాత్వర్థం. మన 'తిరుగు'కు ఎంత దగ్గరో చూడండి! 2013 జులైలో ఈజిప్టు సైన్యం అధ్యక్షుడు మోర్సీని దించినప్పుడు ఆయన మద్దతుదారులు 'ఇంకిలాబ్' అన్నది ఖండిస్తూనే. ఎదుటి పక్షం మాత్రం 'థౌరా' అంది.