నాలుగో బండి కొనే ముందు

పటమట, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ గురించే మాట్లాడింది. ఇంట్లో కారుంది, ఆఫీసుకి వెళ్లే స్కూటరుంది, ఎనిమిది నెలల కిందట విప్పేసిన బుల్లెట్ పార్కింగ్‌లో ముక్కలుగా పడి ఉంది, ఇప్పుడు మళ్లీ యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ బైకు అంటున్నాడు, దాని వెనకాల జీపట, నువ్వైనా చెప్పు అన్నయ్యా అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి, ఇంటికొచ్చాక మళ్లీ సొంత బండ్ల పక్కన పీట వేసుకుని కూర్చున్నవాణ్ణి. వద్దనడం నావల్ల కాదు. కానీ ఎన్ని, ఏ వరసలో, ఎలా అన్నది చెప్పగలను. అందుకే ఫోన్లో కాకుండా తీరిగ్గా రాస్తున్నా.

ఒక బండి ఉంటే చాలదా అని అడిగేవాళ్లకి నా దగ్గర ఒకటే జవాబు. ఏ బండి పని దానిది, ఏ బండి జ్ఞాపకం దానిది. మా చేతక్ స్కూటర్ సంగతే తీసుకో. ఆ రోజుల్లో డబ్బులున్నా దొరికేది కాదు, బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అది ఇంటికొచ్చిన రోజున మీ అమ్మమ్మ గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల బండికైనా అంత చేయరేమో అన్నట్టు పూజ చేసింది. నువ్వు నాలుగేళ్లవాడివి. ముందు నిలబడి హ్యాండిల్ మధ్యలో రెండు చేతులూ వేసి గవర్నరుపేట దాకా వచ్చేవాడివి. ఆ బండికి ఇప్పుడెవరైనా లక్ష ఇస్తానన్నా నేనివ్వను. మార్కెట్ ధర వేరు, దాని విలువ వేరు. అయితే ఆ విలువ అన్నది బండి బతికి ఉన్నంతవరకే. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని కాదు, ఒక బండినే పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నీకు గుర్తుండదు, ఒకప్పుడు నా దగ్గర ఆరు బండ్లుండేవి. చేతక్, యెజ్డీ రోడ్‌కింగ్ బైకు, పద్మిని కారు, రెండు మోపెడ్లు, ఒక పాత జావా బైకు. ఆ జావా గుడివాడలో ఒక రిటైర్డు మాస్టారిది. మైసూరు ఫ్యాక్టరీలో జావా పేరు తీసేసి యెజ్డీ పేరు పెట్టింది 1973లో. ఇది అంతకు ముందుది. చాలామంది ఎక్కువ రేటు అడిగినా ఆయన ఇవ్వలేదు, నాకే ఇచ్చారు. తాళం చేతిలో పెడుతూ "ఆదివారం ఆదివారం ఒకసారి స్టార్ట్ చెయ్యి బాబూ, చాలు" అన్నారు. మొదటి ఏడాది చేశాను. తర్వాత పిల్లల చదువులు, డ్యూటీలు, మిగతా ఐదింటి రిపేర్లు. జావా మీద పట్టా కప్పాను. రేపు, వచ్చేవారం, పండగ తర్వాత అనుకుంటూ నాలుగేళ్లు గడిచాయి.

ఒక వానాకాలం పోయాక పట్టా తీశాను. టాంకు మూత తిప్పితే పెట్రోలు వాసన కాదు, వార్నిష్ వాసన వచ్చింది. లోపల ఎర్రటి నీళ్లు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే ఎలుక గూడు, అందులో మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ ముక్కలు. కిక్ మీద కాలు పెట్టి ఒంటి బరువంతా వేసినా దిగలేదు. పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుపోయింది. చివరికి ఇంజన్ ఎవరో పార్టులకని తీసుకెళ్లారు, ఫ్రేమ్ పాత ఇనుముకి వెళ్లింది. కాటా మీద వేసి తూచారు. మాస్టారు అప్పటికి లేరు. ఉంటే ఆయన ముఖం ఎలా చూసేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మోపెడ్లు రెండూ అమ్మేశాను. ఇప్పుడున్నవి మూడే. పాత బండి ఒక్కోటి నెలకి ఆరేడు గంటలు అడుగుతుందని నా లెక్క. తుడవడం, తిప్పడం, చిన్న రిపేరు, దాని పార్టు కోసం ఆటోనగర్‌లో వెతుకులాట అన్నీ కలిపి. నీకు దొరికేది ఆదివారం ఒక్కటే, అందులోనూ సగం ఇంటికివ్వాలి, మీ ఆవిడ కూడా ఉద్యోగం చేసి అలసిపోయి ఉంటుంది కదా. కొనేముందు బ్యాంకు బ్యాలెన్సు ఒక్కటే కాదు, ఈ గంటలు కూడా లెక్కేసుకో. పాత బండి కోసం పర్సనల్ లోన్ మాత్రం తియ్యకు. ఈఎంఐ టెన్షన్‌లో స్పానర్ పట్టుకుంటే పని మీద మనసు ఉండదు.

హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. శుక్రవారం కాకుండా ఏదో ఒక రోజు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లు. అక్కడ 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్నారు, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. సింహాసనం లాంటి సీటుతో ప్రత్యేకంగా కట్టించిన బండి, ఊరేగింపులకి తప్ప పెద్దగా తిరగలేదు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. అదే రోజు జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధాకర్ గారి కార్ల మ్యూజియం కూడా చూడు. వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు, అన్నీ ఆయన సొంతంగా కట్టినవి, చాలావాటికి పాత సామానే వాడారు, అయినా నడుస్తాయి. నలభై ఒక్క అడుగుల ఎత్తు దాటిన మూడు చక్రాల సైకిల్‌తో 2005లో గిన్నిస్‌కి ఎక్కారు. కొని దాచుకోవడంలో ఉన్న ఆనందం, కట్టి నడపడంలో ఉన్న ఆనందం, రెండూ ఒక్కపూటలో చూస్తావు. నువ్వు ఏ రకం మనిషివో అక్కడ నీకే తెలుస్తుంది. నా అంచనాలో నువ్వు కట్టేవాడివి. చిన్నప్పుడు గడియారం విప్పి మళ్లీ బిగించింది నువ్వే, మీ అన్న కాదు.

కట్టేవాడికి మొదటి నియమం, ఒకటి రోడ్డెక్కాకే ఇంకొకటి గుమ్మం ఎక్కాలి. ముందు బుల్లెట్ పూర్తి చెయ్యి. విప్పిన బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేశావని మీ అమ్మ చెప్పింది. ఈ ఆదివారమే కూర్చుని వేరు చెయ్యి. గేర్‌బాక్స్‌వి ఒక కవర్లో, హెడ్‌వి ఒక కవర్లో, మడ్‌గార్డువి ఒక కవర్లో వేసి, మీద పెన్నుతో రాసి పెట్టు. ఎనిమిది నెలలకే మర్చిపోతాం, ఇంకో ఎనిమిది నెలలైతే అవి ఏ బండివో కూడా గుర్తుండదు.

రంగు ఆఖర్న వెయ్యాలి. ఈ తప్పు అందరూ చేస్తారు, ఫొటోలో అందంగా కనబడుతుందని ముందే పెయింటింగ్‌కి ఇస్తారు. ముందు ఫ్రేమ్ సరిగ్గా ఉందో లేదో చూడు, తర్వాత ఇంజన్, తర్వాత వైరింగ్, బ్రేకులు. నాలుగైదు వందల కిలోమీటర్లు రంగు లేకుండానే తిప్పు. ఆయిల్ ఎక్కడ కారుతుందో, ఏ నట్టు వదులవుతుందో అప్పుడు తెలుస్తుంది. అన్నీ కుదిరాక టింకరింగ్, పెయింటింగ్. నేను పద్మిని తలుపులు ఒక షెడ్డులో ఇస్తే వారంలో అద్దంలా చేసి ఇచ్చారు. రెండో ఎండాకాలానికి కింది అంచు పెచ్చులు లేచింది. వేలితో గిల్లితే అరంగుళం మందాన లప్పం, లోపల రేకు జల్లెడ. అప్పటి నుంచి చిన్న అయస్కాంతం జేబులో వేసుకునే వెళ్తాను. బండి కొనేటప్పుడైనా, పని చేయించాకైనా దాన్ని రేకు మీద మెల్లగా జరుపుతూ వెళ్లు. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ లప్పమే.

బుల్లెట్ స్టార్టింగ్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నువ్వు గుడ్డిగా కిక్కులు కొట్టి పాదం వాచేలా చేసుకున్నావని విన్నాను. ఆ పాతది 346 సీసీ పోత ఇనుము ఇంజన్, బలంతో లొంగదు. తాళం వేసి కిక్ మెల్లగా తొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లు చూడు. ముల్లు మధ్యకి వచ్చినప్పుడు ఆపు. సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్ కొంచెం, అంటే కొంచెమే, కిందికి జరిపి లివర్ వదిలెయ్. కిక్‌ని పైకి రానిచ్చి అప్పుడు ఒక్కటి, నిండుగా కొట్టు. మూడో కిక్కుకి స్టార్ట్ కాకపోతే కొట్టడం మానేసి ప్లగ్గు విప్పి చూడు.

ఇక ఆర్‌ఎక్స్ హండ్రెడ్. 98 సీసీయే అయినా ఆ పరుగు ఇంకో బండికి లేదు, ఒప్పుకుంటాను. 1985లో వచ్చి 1996లో ఆగింది కాబట్టి నువ్వు చూసేది ఎంత కొత్తదైనా పాతికేళ్లు దాటిందే. దాని మోజు చూసి మోసాలు ఎక్కువయ్యాయి. వేరే మోడల్ ఇంజన్ బిగించి, నంబర్లు కొట్టించి అమ్ముతారు. రేటు మాట్లాడకముందే ఛాసిస్ ప్రింట్ తియ్యి. హ్యాండిల్ కింద నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దు. అంకెలన్నీ ఒకే లోతున, ఒకే వరసలో పడాలి. ఒక అంకె ఎత్తుగానో, వంకరగానో పడితే ఎంత చవకైనా దండం పెట్టి వచ్చెయ్. ఇంజన్ నంబరు కూడా అలాగే చూసి రెండూ ఆర్సీతో పోల్చుకో.

ఢిల్లీ నుంచి చవగ్గా వస్తుందని చెప్పేవాళ్లు కూడా నీకు తగులుతారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్‌కి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికి తిప్పలు ఉన్నాయి కాబట్టే ఆ రేటు. అక్కడి ఎన్‌వోసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదని రవాణా ఆఫీసు ఇచ్చే కాగితం, నిజంగా వచ్చిందా, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది అన్నది తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వకు.

జీపు విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. హర్యానాలో డబ్వాలీ వైపు కట్టిన జీపులు వీడియోల్లో చూసి ముచ్చట పడ్డావట. పెద్ద టైర్లు, మార్చిన ఇంజన్, కోసి అతికిన బాడీ. పనితనం ఉంటుంది, కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పోలీసుల జరిమానా ఒక ఎత్తు, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు ఆర్సీకి బండికి పొంతన లేదంటే అది ఇంకో ఎత్తు. జీపు కావాలంటే ఆర్సీలో ఉన్నది ఉన్నట్టు ఉన్న పాతదాన్ని తీసుకుని, అలాగే కట్టుకో. దాని అందమే వేరు.

కాగితాల ఖర్చు కూడా ముందే తెలుసుకో. సొంత బండికి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటార్‌సైకిల్‌కి 1,000, కారుకి 5,000 ఫీజు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 2,000, 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000. కానీ దాని మీద రోజూ ఆఫీసుకి వెళ్లడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ లాంటివాటికే.

ఇన్సూరెన్సు కట్టకుండా 'ఎప్పుడో కదా తీసేది' అనుకోకు, మనం తీసిన ఆ ఒక్కరోజే అవసరం పడుతుంది. 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ మధ్య బండికి ఏడాదికి 1,366, జీఎస్టీ అదనం. ఓనరుకి వచ్చే పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఒక్కటి ఉంటే నీ బండ్లన్నిటికీ సరిపోతుంది. ఏజెంటు ప్రతి పాలసీలో మళ్లీ కలిపితే తీసేయమని చెప్పు. నేను తెలియక మూడేసిసార్లు కట్టాను.

నిలబెట్టి ఉంచే బండి సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. అది తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, వాషర్లని తింటుంది. నెలకి మించి తియ్యవనుకుంటే పెట్రోల్ కాక్ మూసేసి, ఇంజన్ తనంతట తను ఆగేదాకా నడవనిచ్చి కార్బొరేటర్ ఖాళీ చెయ్యి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్. సెంటర్ స్టాండ్ వెయ్యి, సైడ్ స్టాండ్ మీద నెలలు వదలకు. పట్టా బదులు నూలు దుప్పటి కప్పు, పట్టా కింద తేమ చేరి బండి చెమట పడుతుంది. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కు, ఎలుకలకి దారి ఉండదు. తీసేటప్పుడు మర్చిపోకుండా ఆ గుడ్డకి ఎర్ర దారం కట్టి తాళానికి ముడెయ్. ఒక్కో బండికి ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకుని ఆయిల్ ఎప్పుడు మార్చావో, ఏ పార్టు ఎంతకు కొన్నావో తారీఖుతో రాయి. నా యెజ్డీ నోట్‌బుక్ ఇప్పుడు మూడోది.

ఆదివారం పొద్దున్నే నేను దాన్ని తీస్తాను. పెట్రోల్లో లీటరుకి 40 మిల్లీ టూ-టీ ఆయిల్ కొలిచి పోసి, కార్బొరేటర్ మీదుండే చిన్న బొత్తాం, టిక్లర్, నొక్కి పెట్రోలు తడి వేలికి తగిలాక కిక్ కొడతాను. అదే రాడ్డు ముందుకి మడిస్తే గేరవుతుంది కదా, ఎన్నేళ్లయినా ఆ ఒక్క కదలిక నాకు కొత్తగానే ఉంటుంది. బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా వెళ్లి, టీ తాగి వచ్చేస్తాను. డాక్టరు ఈమధ్య కిక్ బండ్లు తగ్గించమన్నాడు, మోకాలి గురించి.

అందుకని ఒక మాట అనుకున్నాను. బుల్లెట్ పూర్తి చేసి, దాని మీదే హైదరాబాద్ నుంచి ఇక్కడికి రా. 270 కిలోమీటర్లు పైనే, పొద్దున్నే బయల్దేరి సూర్యాపేటలో ఆగి ఇంజన్ చల్లారనిచ్చి రా. ఆ రోజు యెజ్డీ తాళం, మూడు నోట్‌బుక్కులు నీ చేతిలో పెడతాను. ఇక్కడి ఎన్‌వోసీ తీసుకునే పని నాది. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ సంగతి ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు బుల్లెట్ పాత పిస్టన్ తెచ్చుకో, ఆటోనగర్ లేత్ షాపులో చూపిద్దాం.

అత్తయ్య అడిగానని చెప్పమంది. మీ ఆవిడని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య