మేనేజర్లకు స్ట్రెస్ శిక్షణ దండగ ఖర్చేనా? సమాధానం

అన్నా, మిర్యాలగూడలో మీ రైస్ మిల్లు మేనేజర్లకు స్ట్రెస్ శిక్షణ పెడదామంటే "దానివల్ల ఏం ఒరుగుతది?" అని మీ సేటు అడిగారని రాశారు. ఒక్కరోజు క్లాసు పెట్టి సమోసాలు పంచి పంపిస్తే నిజంగానే ఏమీ ఒరగదు. ఏడాది పొడుగునా నడిపితేనే ఫలితం.

ఆయనకు మిల్లు లెక్కలోనే చెప్పండి. కోతలప్పుడు గేటు ముందు ట్రాక్టర్ల లైను, తేమ మీటరు దగ్గర గొడవ, డ్రయ్యర్ ఆగితే అర్ధరాత్రి ఫోను. ఆ టెన్షనంతా మేనేజర్ ఆపరేటర్ల మీద చూపిస్తాడు. చేయి తిరిగిన ఆపరేటర్ విసిగి పక్క మిల్లుకు పోతే, కొత్తవాడికి పని పట్టుబడేదాకా నూక ఎక్కువ పడుతుంది. ఆ నష్టం ముందు శిక్షణ ఖర్చెంత?

కింద పనిచేసేవాళ్ల మానసిక ఆరోగ్యానికి అండగా ఉండేలా మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లోనూ ఉంది. కానీ పనిభారం తగ్గించకుండా ప్రాణాయామం ఒక్కటే నేర్పితే నాకు నమ్మకం లేదు. రాత్రి ఫోన్లకు వంతులు పెట్టండి, వారానికో సెలవు ఖాయం చేయండి. నాగాలు, మానేసినవాళ్ల లెక్క ఈ వానాకాలం నుంచే రాసి, రెండు మూడు సీజన్లయ్యాక సేటు ముందు పెట్టండి.

ఈలోగా ఎవరికైనా నిద్ర పట్టనంత ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమనండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.