సోర్స్ కోడ్ నుంచి పూర్తిగా రీబిల్డ్ చేసే వీలు లేకుండా ఎగ్జిక్యూటబుల్‌ని (నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైలుని) మార్చొచ్చా?
మార్పు చిన్నదైతే మార్చొచ్చు. ముందు ఫైలుకు కాపీ తీసుకోండి. గిద్రా లాంటి డిసెంబ్లర్‌లో (మెషీన్ కోడ్‌ని చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా చూపే టూల్) తెరిచి, మార్చాల్సిన షరతు ఎక్కడుందో పట్టుకోవాలి; టైమంతా తినేసేది ఇదే. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) షార్ట్ జంప్‌లో, అంటే దగ్గర్లోని కోడ్‌కి దూకే ఇన్‌స్ట్రక్షన్‌లో, హెక్స్ 74 అంటే ‘సమానమైతే దూకు’, 75 అంటే ‘కాకపోతే దూకు’. ఫైలు బైట్లను నేరుగా మార్చే హెక్స్ ఎడిటర్‌లో ఆ ఒక్క బైట్ మారిస్తే షరతు తిరగబడుతుంది. మామూలు ఫంక్షన్ కాల్ తీసేయాలంటే దాని 5 బైట్లనూ 90తో నింపాలి (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్), అదీ దాని రిటర్న్ వాల్యూ తర్వాత ఎక్కడా వాడట్లేదని చూసుకున్నాకే. బైట్లు డిలీట్ మాత్రం చేయొద్దు, వాటి తర్వాతున్న కోడంతా జరిగి అడ్రస్‌లు తప్పుతాయి. డిజిటల్ సంతకం ఉంటే చెల్లదు, మళ్లీ సైన్ చేయాలి. జావా అయితే ఇంత తంటా లేదు: ఆ ఒక్క క్లాస్ సోర్స్ దొరికితే కంపైల్ చేసి జార్‌లో (జావా క్లాస్‌లను కలిపి ఉంచే ఫైలు) మార్చేయడమే.